బొబ్బర్లు, మునగాకు, ఆఖర్న ఉప్పు

1967 అక్టోబరు 8, ఆదివారం

ఈ రోజు వాక్యం ఆదికాండం ఇరవై ఐదు. ఏశావు. ఒక్క పూట చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాడు. గంటా పది నిమిషాలు మాట్లాడాను. గొంతు బొంగురుపోయింది. ఆపలేదు.

ఆకలి పాపం కాదు, నోరు మూసుకుని తినడం పాపం అన్నాను. పలాస హోటల్లో నలుగురికీ సిగ్గుపడి, తల వంచకుండా ఇడ్లీ మింగేవాడు ఏశావుకి వారసుడు అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే అందరూ చార్లెస్ వైపు చూశారు.

చార్లెస్ మా సంఘంలో డీకన్. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆగస్టులో ఓనరు పక్కన కూర్చుని ప్రార్థన లేకుండా టిఫిన్ చేశాడని తెలిసి అడిగాను. ఒప్పుకున్నాడు. టెక్కలి నుంచి పాస్టరుగారు నెలకోసారి వస్తారు, మిగతా ఆదివారాలు సంఘం నా చేతిలో ఉంటుంది. పాస్టరుగారికి చెప్పి, రెండు నెలలుగా రొట్టె పంచే ప్రభువు బల్లలో అతను చెయ్యి వేయకుండా ఆపించాను. మొన్న రొట్టె పళ్లెం ముందు నుంచి వెళ్లిపోతుంటే అతను తన మోకాళ్లు చూసుకున్నాడు.

నాకు జాలి లేదంటుంది దయమ్మ. పెళ్లాం మాట. నాకున్నది ప్రమాణం. 1951లో సముద్రంలో బాప్తిస్మం తీసుకుని ఒడ్డుకు వచ్చి, తడి బట్టలతోనే చేశాను. కల్లు తాగిన ఈ నోటితో, ఎవరున్నా, ఎక్కడున్నా, అన్నం ముందు ప్రభువు పేరు పైకి వినబడేలా చెబుతానని. పదహారేళ్లు. సోంపేటలో ఒకసారి హోటల్లోంచి గెంటేశారు. మిగతా ప్రార్థన రోడ్డు మీద నిలబడి పూర్తి చేశాను.

సాయంత్రం నుంచి సముద్రం హోరు పెరిగింది.

అక్టోబరు 9, సోమవారం

తూర్పు గాలి. కాకులు కనబడడం లేదు.

అక్టోబరు 10, మంగళవారం, సాయంత్రం 4

బతికాం. స్తోత్రం.

తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఒకటే గాలి. ఊళ్లో కొబ్బరిచెట్లు సగం నేల మీద ఉన్నాయి. జీడితోటలు వేళ్లతో పైకి లేచాయి. మా పేటలో కప్పున్న ఇల్లు ఒక్కటీ లేదు. ప్రార్థన మందిరానికి మాత్రం స్లాబు ఉంది కాబట్టి నలభై మందిమి అందులో ఉన్నాం. బల్లలన్నీ గోడకు నెట్టాం.

పదకొండు గంటలకు నరసింహమూర్తి మాస్టారు గుర్తొచ్చారు. ఊరి చివర ఒక్కరే ఉంటారు. ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయ్యారు. భార్య పోయి ఆరేళ్లు. కొడుకు రామమూర్తి టెక్కలిలో తాలూకా ఆఫీసు గుమాస్తా. నడుం లోతు నీళ్లలో వెళ్లాను. ఇంటి గోడ పడి ఉంది. దాని పక్కన ఆయన, ఎడమ చేత్తో ఇత్తడి గిన్నె పట్టుకుని, కుడి చెయ్యి వేలాడేసి కూర్చున్నారు. మణికట్టు దగ్గర ఎముక విరిగి చర్మం చీలింది.

వీపు మీద ఎక్కమన్నాను. ఒక్క నిమిషం ఆలోచించారు. ఎక్కారు. గిన్నె వదల్లేదు. దారంతా అది నా చెవికి కొట్టుకుంటూనే ఉంది.

నాకు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. బైబిల్ మీద వేలు పెట్టి నేనే కూడబలుక్కున్నాను. ఏశావు ఎర్రటి వంటకం అడిగే చోట ఒక్క అక్షరం తెలియక ఆగిపోతే, స్కూలు కంచె అవతల నిలబడి ఈయన్నే అడిగాను. బయటికి వచ్చి కర్రపుల్లతో ఇసకలో బండి ఱ రాసి చూపించారు. అంతే మా పరిచయం. పదిహేనేళ్ల కిందట.

అక్టోబరు 11, బుధవారం, ఉదయం

నిన్న రాత్రీ ఈ ఉదయమూ తడి బియ్యంతో గంజి కాచి, ఎండుచేపలు కాల్చి అందరికీ పెట్టారు. మాస్టారు ముట్టలేదు. దయమ్మ వేరే గంజి కాచి చేప తగలకుండా పట్టుకెళ్లింది. దండం పెట్టి వద్దన్నారు.

నాకు మండిపోయింది. వెళ్లి మొహం మీదే అడిగాను. నా వీపు పనికొచ్చింది, నా పొయ్యి పనికిరాదా అని. కులం అనే మాట కూడా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. కులం లేదని అబద్ధం చెప్పను, కానీ నా కొడుకు ఇంట్లోనూ నేను తినను యోబూ అన్నారు. మోయడం నీ పని, తినడం నా పని అన్నారు.

తర్వాత చెప్పారు. భార్య రమాదేవి మంచం పట్టిన మూడు నెలలూ, ఒక్క పూట మీ చేత్తో ఏదైనా వండి పెట్టండి అని అడిగేదట. ఈయన పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. వాళ్లూ వీళ్లూ తెచ్చిందే ఆవిడ తిని పోయింది. పన్నెండో రోజు నుంచీ ఆయన తన చేత్తో వండుకున్నది తప్ప నోట పెట్టలేదు.

నేను వచ్చేశాను. ప్రమాణం అంటే ఏమిటో నాకు తెలుసు.

మధ్యాహ్నం 12

పూండి నుంచి కాంపౌండరు నడిచొచ్చాడు. వెదురు బద్దలతో చెయ్యి కట్టాడు. పుండు చీము పడుతోందట, టెంపరేచరు నూట రెండు. మాత్రలు ఇచ్చాడు. రెండు రోజుల ఖాళీ కడుపున వేస్తే ముసలాయన తట్టుకోలేడు, ముందు ఏదైనా తినిపించండి, రేపటికల్లా మాత్ర పడకపోతే చెయ్యి కాదు మనిషే దక్కడు అని నాతో బయటికి వచ్చి చెప్పాడు. టెక్కలికి రోడ్డు లేదు. గండ్లు పడ్డాయి.

సాయంత్రం 5

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

దయమ్మ విత్తనాలకు దాచుకున్న బొబ్బర్ల గోనెలో వాన నీళ్లు దిగాయి. గింజలన్నీ ఉబ్బిపోయాయి. ఇక నాటడానికి లేదు, ఎండబెట్టడానికి ఎండ లేదు, వండుకోవాల్సిందే. మందిరం వెనక మునగచెట్టు పడిపోయింది. ఆకు ఇంకా వాడలేదు. ఇవి చూసి దయమ్మే అంది. ఆయనకి సెయ్యి లేదు, నీకు రెండున్నాయి కదా మావా, ఒకటి అద్దెకియ్యి అని. పక్కన గంజి గిన్నెలు తోముతున్న సూరమ్మ నవ్వింది. ఈ మావ పొయ్యి ముట్టిస్తే మందిరం కూడా అంటుకుంటాది అని.

మాస్టారికి చెప్పాను. గిన్నె ఒళ్లోకి లాక్కున్నారు. చివరికి, నిప్పు నేనే అంటిస్తాను, ఉప్పు నేనే వేస్తాను, మధ్యలో నువ్వు నా చెయ్యివి, ఎలా చెప్తే అలా కదలాలి అన్నారు. సరేనన్నాను.

ఆయన గిన్నే. నీళ్లు స్లాబు అంచు నుంచి ధార కడుతున్నవి. పొడి కట్టె ఎక్కడా లేదు, బుట్టెడు కొబ్బరిచిప్పలు మాత్రం మందిరం లోపల ఉండి బతికాయి. సగమే వాడు, త్వరగా కానీ అన్నారు. ఎడమ చేత్తో అగ్గిపుల్ల గీశారు. మూడోది అంటుకుంది.

నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి వంట చేశాను. క్లాసులో కూర్చున్నట్టే ఉంది. నానిన గింజ కాబట్టి నీళ్లు గింజ మీద రెండు వేళ్లు చాలు. పసుపు ఇప్పుడే. మూత పెట్టు. పొంగుతుంది, మూత జరుపు. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కు. పలుకుందా, ఇంకాసేపు. ఈలోగా ఆకు దుయ్యి, ఈనె పంటి కింద పడకూడదు. పచ్చిమిరపకాయలు రెండు, చీల్చి. ఉల్లిపాయ వద్దు. గింజ నలిగిందా, ఇప్పుడు ఆకు. ఆకు ముందేస్తే నల్లబడుతుంది. ఉప్పు ముందేస్తే గింజ బిగుసుకుంటుంది. రంగు మారకుండానే దించు. ఇవన్నీ జ్వరంతో, గోడకు ఆనుకుని, ఒక్కొక్క మాటగా చెప్పారు. ఆఖర్న బద్దల్లోంచి బయటికి వచ్చిన రెండు వేళ్లతో ఉప్పు తీసి తానే వేశారు. సగం నేల మీద పడింది.

అరగంట పట్టలేదు. పొగ పైకి లేచింది. జీవితంలో అంత మంచి వాసన నేను పుట్టించలేదు.

ఆయన ముందు అరిటాకు ముక్క పరిచాను. గిన్నె దించాను. మూత తీశాను.

పదహారేళ్ల అలవాటు. మూత లేస్తే నా నోరు లేస్తుంది. చెయ్యి గిన్నె మీద చాపి, పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఆహారాన్ని నీ కుమారుడైన యేసు నామంలో నీకు సమర్పిస్తున్నాం, దీన్ని ఆశీర్వదించు అన్నాను. ఆదివారం గొంతుతో. నలభై మందీ తలలు వంచి ఆమెన్ అన్నారు.

కళ్లు తెరిచేసరికి మాస్టారు ఆకు మడుస్తున్నారు.

నేను దేవుడికి చూపించి తింటాను యోబూ అన్నారు. నువ్వు నీ దేవుడికి పెట్టేశావు. ఇక ఇది ఆయనది. ఒకరికి పెట్టింది తీసుకెళ్లి ఇంకొకరికి ఎలా పెడతాను అన్నారు. తప్పు పట్టినట్టు అనలేదు. లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. గిన్నె నా వైపు తోశారు.

పిల్లలు తిన్నారు. బాగుందన్నారు.

అక్టోబరు 12, గురువారం, తెల్లవారి 6

టెంపరేచరు నూట మూడు. పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నారు.

బైబిల్ ముందు పెట్టుకున్నాను. మనుషుల ఎదుట నన్ను ఒప్పుకోనివాణ్ణి నేనూ ఒప్పుకోను అన్న మాట ఉంది. ఆకలిగొన్నాను, మీరు నాకు పెట్టలేదు అన్న మాటా ఉంది. రెండూ ప్రభువు మాటలే. రెండూ ఎర్ర గీత గీసుకున్నవే. ఇంతకాలం ఒక్కొక్కటే ప్రసంగించాను కాబట్టి అవి కొట్టుకోలేదు.

బలవంతంగా తినిపిద్దామని చార్లెస్ అన్నాడు. నలుగురం పట్టుకుంటే ముసలాయనేటి సేత్తాడు, పానం కన్నా ఎక్కువేటి అని. నేను వద్దన్నాను. నా చేత ఎవరైనా బలవంతంగా కల్లు తాగిస్తే నేనేమవుతాను.

ఉదయం 8

దయమ్మ నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. ఇప్పుడు వచ్చి కూర్చుంది. గోనెలో ఇంకా రెండు గుప్పెళ్లు ఉన్నాయి, గింజలకు తోకలొచ్చాయి, సాయంత్రానికి పులిసిపోతాయి అంది. చిప్పలు సగం బుట్టే. ఇదే ఆఖరు అంది.

హన్నా గుర్తొచ్చింది. మందిరంలో పెదవులు మాత్రం కదిపి, గొంతు వినబడకుండా ప్రార్థన చేసిన తల్లి. నేనూ అలా చేస్తాను అన్నాను. దయమ్మ నా మొహం చూసింది. ఆయన అడిగితే ఏటి సెప్తావు మావా, సేసినాననా, సెయ్యలేదనా అంది.

లోపల చేసి, పైకి చేయలేదని పెడితే, అది ఆయన్ని మోసం చేసి తినిపించడం. అంతకన్నా చార్లెస్ చెప్పిందే నయం.

అయితే సెయ్యకు అంది దయమ్మ. లోపలా వద్దు, బయటా వద్దు. నువ్వు ఒక్క పూట మాటాడకపోతే నీ దేవుడు నిన్ను మర్సిపోతాడేటి, పదారేళ్లు ఇన్నాడు కదా అంది.

పెళ్లాం మాట. లేచాను.

ఉదయం 10

చేశాను.

మాస్టారి చేతికి అగ్గిపెట్టె ఇచ్చాను. గీయలేకపోయారు. నేను పెట్టె పట్టుకుంటే ఆయన పుల్ల గీశారు. ఈసారి ఆయన ఏమీ చెప్పలేదు, చెప్పే ఓపిక లేదు. నీళ్లు రెండు వేళ్లు. పసుపు. మూత జరిపాను. మొలకెత్తిన గింజ నిన్నటి కన్నా తొందరగా నలిగింది. ఆకు. మిరపకాయలు. ఉప్పు ఆయన చేత్తో వేయించాను. ఆ వేళ్లు నిప్పులా కాలుతున్నాయి.

మూత తీయాలి. నాలుక కింద అప్పుడే మాట కదులుతోంది. అది నాది కాదు, దాన్ని నేను ఆపలేనని తెలిసిపోయింది. చెంబెత్తి నోటి నిండా నీళ్లు పోసుకున్నాను. మింగలేదు. పుక్కిట పట్టుకుని మూత తీశాను.

లోపల కూడా ఊరుకున్నాను. కష్టం అక్కడే. గింజల తోకలు లెక్కపెట్టాను. నలభై దాకా పెట్టాను.

మాస్టారు నన్ను చూశారు. నీ ప్రార్థన అయిందా అన్నారు. తల అడ్డంగా ఊపాను. నోట్లో ఏమిటి అన్నారు. నీళ్ల చెంబు చూపించాను. కళ్లు మూసుకుని తన దేవుడికి చూపించుకున్నారు. పనసాకు మడిచి చెంచా చేసి ఇచ్చాను. ఒక ముద్ద. చాలాసేపటికి రెండోది. పదకొండు ముద్దలు తిన్నారు. మాత్ర వేసుకున్నారు. ఉప్పు సరిపోయింది అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

నేను బయటికి వెళ్లి నీళ్లు ఉమ్మేశాను. దవడలు నొప్పి పుట్టాయి.

చార్లెస్ గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. మన కోళ్లన్నీ వరదలో కొట్టుకుపోనాయి బావా, లేకపోతే ఒకటి కూసును అన్నాడు.

ప్రభువును ఎరగనని పేతురు బొంకగానే కోడి కూసిన మాట. నా చేత చదివించుకున్న మాటే. నిలబడి విన్నాను.

అక్టోబరు 13, శుక్రవారం

నూట ఒకటి. ఒక పూట తిన్నారు. దయమ్మ ఎక్కడో పెసలు సంపాదించింది. నేను వండాను. నోట్లో నీళ్లు.

అక్టోబరు 15, ఆదివారం

తొంభై తొమ్మిది. రామమూర్తి బండి కట్టుకుని వచ్చి టెక్కలి తీసుకెళ్లాడు. బండి ఎక్కుతూ మాస్టారు గిన్నె కోసం చూసుకున్నారు. తోమి, తుడిచి ఒళ్లో పెట్టాను. ఆ ఇంట్లో ఎవరు వండుతారో అడగాలనుకుని అడగలేదు.

ప్రసంగం చేయలేదు. కీర్తనలు పాడించి పంపేశాను.

అక్టోబరు 22, ఆదివారం

రిలీఫు బియ్యం వచ్చాయి. తాటాకు కప్పుకుంటున్నాం. ప్రసంగం చేయమని అడిగారు. గొంతు బాగా లేదన్నాను. గొంతు బాగానే ఉంది.

నవంబరు 5, ఆదివారం

పాస్టరుగారు వచ్చారు. ముందే వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నవ్వి, మంచి పని చేశావు కదయ్యా, దీనికి దిగులేమిటి అన్నారు. చార్లెస్‌ని బల్లకు తీసుకోమని అడిగాను. సరేనన్నారు. నాకు చార్లెస్ మీద కోపం లేదని కూడా చెప్పాను. అతను చేసిందీ నేను చేసిందీ ఒకటేనా అని అడిగాను. కాదన్నారు. చార్లెస్ ఇడ్లీ తినేటప్పుడు లోపల ఏం లెక్కపెట్టుకున్నాడో నేను అతన్ని ఎప్పుడూ అడగలేదు అన్నాను.

రొట్టె పళ్లెం చార్లెస్ పట్టుకొచ్చాడు. నేను చెయ్యి వేయలేదు. అతను ముందుకు పోవాలి, పోలేదు. సంఘం అంతా చూస్తోంది. తియ్యి బావా అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. నా మోకాళ్లు చూసుకున్నాను. కాసేపటికి పళ్లెం కదిలింది.

అన్నం ముందు ఇంట్లో ప్రార్థన దయమ్మ చేస్తోంది. నేను ఆమెన్ అంటున్నాను. నోట అంతవరకే వస్తోంది.

డిసెంబరు 3, ఆదివారం

ఈ నెలా చెయ్యి వేయలేదు.

డిసెంబరు 20, బుధవారం

మాస్టారు తిరిగొచ్చారు. గోడ లేచింది, పైన కొబ్బరాకు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. కబురు పంపితే వెళ్లాను.

అరుగు మీద నాకు ఆకు వేశారు. గడప లోపల ఆయనకు. ఒకటే గిన్నె, బొబ్బర్లూ మునగాకూ. నిప్పు, నీళ్లు, ఆకు, ఉప్పు, అన్నీ ఆయనే. ముందు నా ఆకులో వడ్డించారు. తనది ఖాళీగా ఉంచుకున్నారు, తన దేవుడికి ఇంకా చూపించలేదు.

తర్వాత చెంబెత్తి, నోటి నిండా నీళ్లు పోసుకుని, మింగకుండా నా వైపు చూస్తూ కూర్చున్నారు.

ఎంతసేపు పైకి ప్రార్థన చేశానో తెలియదు. కళ్లు తెరిచేసరికి కూర చల్లారింది. ఆయన బుగ్గలు అలాగే ఉన్నాయి.